నెర్రె ఒకటే, కారణాలు మూడు: అంగారకుడి నేలను ఎలా చదువుతారు

ఏప్రిల్ చివరికి మహారాష్ట్రలోని మా సిరొంచ తాలూకాలో మిరప చేలు ఖాళీ అయ్యాక నల్లరేగడి నేల నెర్రెలు బారుతుంది. మొదట వెంట్రుకంత సన్నని గీత కనబడుతుంది. పది రోజులకు అందులో వేలు పడుతుంది. మే నెల నడిమికి మూరెడు పుల్ల దింపినా అడుగు తగలదు. ఆ నెర్రెల పక్కన కాసేపు కూర్చుని, అవి ఒకదానితో ఒకటి ఎలా కలుస్తున్నాయో చూస్తే ఒక తేడా పట్టుబడుతుంది. వరద తీశాక ప్రాణహిత ఒడ్డున కొత్తగా మేట వేసిన బురద మొదటిసారి ఎండినప్పుడు, ముందు పుట్టిన నెర్రెకు తర్వాతి నెర్రె అడ్డంగా వచ్చి నిలువుగా తగిలి ఆగిపోతుంది. రెండు బాటలు లంబంగా కలిసినట్టు ఉంటుంది. చెరువు అంచున తడిసి ఆరి, మళ్ళీ తడిసి ఆరే మట్టిలో అలా ఉండదు. అక్కడ పాత గీతల మీదే నెర్రెలు మళ్ళీ మళ్ళీ తెరుచుకుంటాయి, ప్రతిసారీ మూలలు కొంచెం సర్దుకుంటాయి, చివరకు ఒక్కో మూలలో మూడు నెర్రెలు సమానంగా విచ్చుకుని పంగలకర్రలా కలుస్తాయి. అలాంటి మూలలు చుట్టూ చేరితే మట్టి పెళ్ళ ఆరు పలకల బిళ్ళ అవుతుంది. అంటే ఆ నేల ఒకసారి ఎండిందా, పలుమార్లు తడిసి ఎండిందా అన్నది నెర్రెల మూలలు చెబుతాయి.

2021లో క్యూరియాసిటీ రోవర్ అంగారకుడి మీద ఉల్క పడి ఏర్పడిన గేల్ అనే బిలంలో సరిగ్గా అలాంటి మూలలనే ఫోటో తీసింది. పోంటూర్ అని పేరు పెట్టిన ఆ బండ మీద కొన్ని సెంటీమీటర్ల వెడల్పున్న ఆరు పలకల గళ్ళు వరసగా ఉన్నాయి. నెర్రెలు గుంటలుగా కాకుండా గట్లుగా పైకి లేచి ఉన్నాయి, ఎందుకంటే అప్పట్లో ఆ పగుళ్ళలో పేరుకున్న సల్ఫేటు లవణాలు గట్టిపడి, చుట్టూ ఉన్న మెత్తని బురదరాయి గాలికి అరిగిపోయినా అవి నిలబడ్డాయి. ఆ పరిశోధన 2023లో వెలువడింది. అక్కడి మట్టి ఏదో ఒక్కసారి తడిసి శాశ్వతంగా ఎండిపోలేదని, తడి, పొడి కాలాలు మార్చి మార్చి వచ్చాయని దాని సారాంశం.

ఇంతవరకు చదివితే అంగారకుడిని చదవడం తేలికేననిపిస్తుంది. చిక్కు ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే అదే గ్రహం మీద ఆరు పలకల గళ్ళు మరో రెండు చోట్ల దొరికాయి, వాటికీ తడి మట్టికీ సంబంధం లేదు.

మార్టే లోయ దగ్గర ఒక బిలం గోడలో నిలువు స్తంభాలు పేర్చినట్టున్న రాతిని, గ్రహం చుట్టూ తిరిగే మార్స్ రికనసెన్స్ ఆర్బిటర్ నౌక కెమెరా గుర్తించినట్టు 2009లో ప్రకటించారు. అవి లావా చల్లారినప్పుడు పుట్టినవి. కరిగిన రాయి గట్టిపడి ముడుచుకుంటున్న కొద్దీ పగుళ్ళు చల్లారిన అంచు నుంచి లోపలికి దిగుతాయి, దిగే కొద్దీ ఆరు పలకలుగా సర్దుకుంటాయి, చివరకు పెన్సిళ్ళ కట్టలా రాతి స్తంభాలు మిగులుతాయి. వీటిని చూడటానికి అంగారకుడి దాకా పోనక్కరలేదు. పక్కనే యవతమాళ్ జిల్లా వణి ప్రాంతంలో శిబ్లా–పార్డి దగ్గర దక్కను లావాలో అలాంటి స్తంభాలు బయటపడ్డాయి. మూడోది ఉత్తర మైదానాల్లో 2008 మే నెలలో దిగిన ఫీనిక్స్ నౌక చూసిన నేల. అక్కడ రెండు మూడు మీటర్ల వెడల్పున నేలంతా గళ్ళు గళ్ళుగా విడిపోయి ఉంది. ఫీనిక్స్ తన చేతితో కొన్ని సెంటీమీటర్లు తవ్వితే అడుగున తెల్లని గడ్డలు కనబడ్డాయి. నాలుగు రోజుల్లో అవి ఆవిరై మాయమయ్యాయి. ఉప్పయితే అలా మాయం కాదు, కాబట్టి అది మంచు. గడ్డకట్టిన నేల చలికాలంలో ఇంకా ముడుచుకుని చీలినందువల్ల వచ్చిన గళ్ళవి.

బురద ఎండినా, లావా చల్లారినా, మంచు ముడుచుకున్నా ఫలితం ఒకే బొమ్మ. అంగారకుడి భూవిజ్ఞానంలో కష్టమంతా ఇదేనని నా అభిప్రాయం. ఆ గ్రహాన్ని మనుషులు ముందు పైనుంచి చూశారు, కాబట్టి ముందు దొరికింది ఆకారం మాత్రమే. ఆకారం ప్రశ్న వేస్తుంది గానీ జవాబు చెప్పదు. జవాబు కోసం రాయి దేనితో అయిందో, గళ్ళ కొలత ఎంతో, చుట్టుపక్కల ఏముందో చూడాలి. ఈ క్రమం తప్పిన ప్రతిసారీ తప్పుడు కథలే పుట్టాయి. 1877లో ఇటలీ ఖగోళ శాస్త్రజ్ఞుడు షియపరెల్లి దూరదర్శినిలో చూసి గీసిన సన్నని గీతలను తర్వాతివాళ్ళు ఎవరో తవ్విన కాలువలనుకున్నారు. 1965లో మ్యారినర్ 4 నౌక పంపిన ఇరవై చిల్లర ఫోటోల్లో కాలువలు లేవు, ఉల్కలు పడి ఏర్పడిన బిలాలున్నాయి. దాంతో అభిప్రాయం అటు కొసకు మారి, అది చంద్రుడి లాంటి చచ్చిన నేల అన్నారు. అప్పుడు చూసింది గ్రహం మొత్తంలో నూటికి ఒక వంతు మాత్రమే. 1971 నవంబరులో మ్యారినర్ 9 కక్ష్యలోకి చేరేసరికి గ్రహమంతా దుమ్ము తుఫాను కమ్ముకుని ఉంది. ఆ దుమ్ము మెల్లగా తగ్గుతున్నప్పుడు మొదట పైకి తేలినవి నాలుగు నల్లని మచ్చలు. అవి నాలుగు అగ్నిపర్వతాల శిఖరాలు.

మా దగ్గర పిల్లలు మరాఠీ మాధ్యమంలో చదువుతారు. ఇంట్లో అగ్నిపర్వతం అనే మాట బడిలో జ్వాలాముఖి అవుతుంది, కుజుడు మంగళ్ అవుతాడు. అగ్నిపర్వతం అన్నా జ్వాలాముఖి అన్నా నిప్పులు కక్కే సూదిమొన కొండే తలపుకు వస్తుంది. ఆ నాలుగింటిలో పెద్దదైన ఒలింపస్ మాన్స్ అలా ఉండదు. ఎత్తు దాదాపు 22 కిలోమీటర్లు, అంటే ఎవరెస్టుకు రెండింతలు దాటింది. కానీ అడుగు వెడల్పు 600 కిలోమీటర్లు; నాగ్‌పూర్ నుంచి హైదరాబాద్ దాకా ఉన్న దూరం దాని ఒడిలో ఇమిడిపోతుంది. అందువల్ల దాని వాలు సగటున ఐదు డిగ్రీలు మాత్రమే. పల్చని లావా దూరం దాకా పారి, పొర మీద పొర పేరుకోవడం వల్ల బోర్లించిన మూకుడు లాంటి ఆ రూపం వచ్చింది.

అంత పెద్దది అక్కడెందుకు పెరిగింది, ఇక్కడెందుకు పెరగలేదు అన్నదానికి మన దక్కను రాయే మంచి జవాబు. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కింద మహారాష్ట్రను కప్పేసిన లావాకు మూలమైన వేడి చోటు ఇప్పుడు మన కింద లేదు. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవి కింద ఉందని అనేకమంది భూవిజ్ఞానులు భావిస్తారు. వేడి చోటు అక్కడే ఉండిపోయింది, భారత ఫలకం ఉత్తరానికి జరిగిపోయింది. భూమి పైపెంకు ఇలా ముక్కలుగా కదులుతుంది గనుక ఏ అగ్నిపర్వతమూ తన పొయ్యి మీద ఎక్కువ కాలం నిలవదు. అంగారకుడి అడ్డుకొలత సుమారు 6,780 కిలోమీటర్లు, భూమిలో సగం. బరువు పదో వంతు. చిన్న గిన్నెలో అన్నం త్వరగా చల్లారినట్టు ఆ గ్రహం లోపలి వేడి త్వరగా తగ్గింది, పైపెంకు ఒకే ముక్కగా బిగుసుకుపోయింది. కదలని పెంకు కింద వేడి చోటు కదలకుండా ఉంటే లావా ఒకేచోట కోట్ల ఏళ్ళు పేరుకుంటుంది. దానికి తోడు అక్కడి గురుత్వం మనదానిలో 38 శాతమే కాబట్టి అంత ఎత్తు తన బరువుకు తాను కుంగిపోలేదు.

ఈ అగ్నిపర్వతాలన్నీ ఉన్న థార్సిస్ ఉబ్బు గ్రహం పెంకును ఎంతగా లాగిందంటే, దాని తూర్పున 4,000 కిలోమీటర్ల పొడవున నేల చీలిపోయింది. కశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా కొలిచినా అంత పొడవు రాదు. లోతు కొన్నిచోట్ల ఏడు కిలోమీటర్లు. మ్యారినర్ 9 కనిపెట్టింది కాబట్టి దానికి వల్లీస్ మరీనరిస్ అని పేరు పెట్టారు. ఫోటో చూసిన ప్రతివారూ దాన్ని నది కోసిన లోయ అనుకుంటారు. అది నది పని కాదు. రెండు పొడవాటి చీలికల మధ్య నేల కిందికి దిగబడిపోయింది, తర్వాత గోడల నుంచి భారీ కొండచరియలు విరిగిపడి లోయ ఇంకా వెడల్పయింది.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. ప్రాణహిత–గోదావరి లోయ కూడా పుట్టుకలో నది కోసిన లోయ కాదు. నేల పెంకు చీలి మధ్యభాగం దిగబడిన పల్లం ముందు ఏర్పడింది, నదులు తర్వాత అందులో చేరాయి. కోట్ల ఏళ్ళపాటు అవి తెచ్చిన ఇసుక, బురద అందులో నిండాయి. సింగరేణి బొగ్గు ఆ పల్లంలో పేరుకున్నదే. సిరొంచ దగ్గరి కోట ఊరి పేరుతో భూవిజ్ఞానులు పిలిచే రాతి పొరల్లో బారాపాసారస్ అనే పెద్ద డైనోసార్ ఎముకలు దొరికాయి. దాని అస్థిపంజరం ఇప్పుడు కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. వడధం దగ్గర రాయిగా మారిన చెట్ల మొద్దులున్నాయి. వల్లీస్ మరీనరిస్‌కూ మా లోయకూ ఉన్న పెద్ద తేడా ఏమిటంటే, మాది నిండింది, అది చాలావరకు ఖాళీగా ఉండిపోయింది. నిండని చీలిక కాబట్టి పైనుంచి చూస్తే లోయలా కనిపిస్తుంది. నిండిన చీలిక కాబట్టి మా నేల సమంగా, చీలిక జాడే లేనట్టు ఉంటుంది.

అయితే నీళ్ళు పారిన లోయలు అంగారకుడి మీద లేవని కాదు, చాలా ఉన్నాయి. దక్షిణ భాగం ఎత్తయినది, పాతది, బిలాలతో నిండినది. ఉత్తర భాగం కొన్ని కిలోమీటర్లు లోతట్టు, నునుపు. ఈ రెండు ముఖాలు ఎలా వచ్చాయన్న వాదన ఇంకా తెగలేదు. ఆ దక్షిణపు ఎత్తుల మీద చెట్టు కొమ్మల్లా చీలిన పాత వాగుల జాడలు వేలకొద్దీ ఉన్నాయి. వాటిలో అధికభాగం 350 కోట్ల ఏళ్ళకు పూర్వపువి. ఆ జాడలు చూసి ఒక పెద్ద వాగు ఎక్కడ చేరిందో అక్కడికి వెళ్తే చెరువు అడుగు దొరుకుతుందని శాస్త్రజ్ఞులు అనుకోవడం సహజం. 700 కిలోమీటర్లకు పైగా పొడవున్న మాదిమ్ లోయ గుసేవ్ బిలంలోకి తెరుచుకుంటుంది కాబట్టి 2004 జనవరిలో స్పిరిట్ రోవర్‌ను అక్కడ దింపారు. తీరా చూస్తే చుట్టూ బసాల్ట్, మామూలు లావా రాయి. చెరువు అడుగు ఏదైనా ఉంటే దాన్ని తర్వాతి లావా కప్పేసింది. స్పిరిట్ రెండు కిలోమీటర్లకు పైగా నడిచి కొలంబియా గుట్టల్లోకి చేరాక, తిరగడం మానేసిన ఒక చక్రం మట్టిని గీసుకుంటూ పోయిన చోట 2007లో తెల్లని మన్ను బయటపడింది. అది దాదాపు తొంభై శాతం సిలికా. వేడి నీటి ఊటలో, ఆవిరి గుంటలో పుట్టే పదార్థమది. లోయ ఆకారం చెప్పిన చోట నీటి సాక్ష్యం దొరకలేదు. ఎవరూ వెతకని చోట చెడిపోయిన చక్రం కింద దొరికింది.

2021లో పర్సెవరెన్స్ రోవర్ దిగిన జెజెరో బిలంలోనూ ఇలాంటిదే జరిగింది. అక్కడ డెల్టా ఆకారం స్పష్టంగా ఉంది, అది నిజంగానే చెరువులోకి నది తెచ్చిన ఒండ్రు అని తేలింది. కానీ బిలం అడుగున బురదరాయి ఉంటుందనుకుంటే, కరిగిన రాయి చల్లారి ఏర్పడిన రాళ్ళు కనబడ్డాయి. ఒకే ఫోటోలో సగం నిజమైంది, సగం కాలేదు.

మరి నీళ్ళు పారాయని ఖాయంగా చెప్పగలిగేది ఎప్పుడు? దానికి నాకు తెలిసిన అన్నిటికంటే తేట సాక్ష్యం గులకరాళ్ళే. నీళ్ళు తగ్గిన రోజుల్లో ప్రాణహిత ఇసుకలోకి దిగి గుప్పెడు గులకరాళ్ళు తీసుకుంటే, వాటిలో మా దగ్గర పుట్టని నల్లని బసాల్ట్ ముక్కలుంటాయి. అవి వర్ధా నది వెంట దక్కను లావా ప్రాంతం నుంచి కొట్టుకొచ్చినవి. పుట్టినచోట వాటికి అంచులు పదును. ఒకదానికొకటి రాసుకుంటూ దొర్లిన కొద్దీ మూలలు ముందు అరుగుతాయి, తర్వాత వొళ్ళంతా నునుపవుతుంది. 2012 సెప్టెంబరులో గేల్ బిలంలో క్యూరియాసిటీ చూసిన ఒక విరిగిన బండలో అలాంటి గుండ్రని గులకలు ఇసుకతో కలిసి సిమెంటు వేసినట్టు అతుక్కుపోయి ఉన్నాయి. అంత బరువున్న రాళ్ళను గాలి మోయలేదు, అలా అరగదీయలేదు. గులకల కొలతను బట్టి ఆ నీరు చీలమండ లోతు నుంచి నడుము లోతు దాకా, సెకనుకు సుమారు ఒక మీటరు వేగంతో పారిందని లెక్కగట్టారు. మా వాగుల్లో దాటడానికి పంచె పైకి కట్టుకునేంత నీరు అది.

గులకరాయి నిలబడ్డ పరీక్షలో ఒర్రెలు నిలబడలేదు. నిటారు బిలం గోడల మీద తాజాగా కోసుకుపోయినట్టున్న ఒర్రెలను 2000లో ప్రకటించినప్పుడు, ఈ కాలంలోనే నీరు పారుతోందని చాలామంది ఆశపడ్డారు. తర్వాత ఏళ్ళ తరబడి అవే చోట్లను ఫోటోలు తీస్తూ పోతే, కొత్త మార్పులు వేసవిలో కాదు, గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువు నేల మీద పేరుకునే చలి కాలంలో వస్తున్నాయని తేలింది. 2011లో ఇంకో ఆశ పుట్టింది. వేసవిలో వాలుల మీద నల్లని సన్నని చారలు కిందికి పొడుగవుతూ, చలికాలంలో వెలిసిపోతూ కనబడ్డాయి. 2015లో వాటిని ఉప్పునీటి జాడలన్నారు. 2017లో కొందరు ఒక మామూలు కొలత తీశారు. ఆ చారలన్నీ పొడి ఇసుక జారే వాలు ఉన్నంతవరకే వెళ్ళి ఆగిపోతున్నాయి. నీరయితే వాలు తగ్గినా ఇంకా కొంత ముందుకు పాకుతుంది. కాబట్టి అవి జారే ఇసుక చారలు కావచ్చునన్న మాట బలపడింది. ఆ వార్తలు చదివినప్పుడు నాకు నిరాశ కలగలేదు, కొలతకు లొంగిన శాస్త్రం మీద గౌరవం పెరిగింది.

రంగు కూడా ఆకారం లాంటిదే, పైపై సంగతి. మా జిల్లాలోని సూర్జాగఢ్ ఇనుప ఖనిజపు గుట్టల దారిలో ఎర్రదుమ్ము ఆకులకూ బట్టలకూ అంటుకుంటుంది. అంగారకుడి ఎరుపు కూడా ఇనుము తుప్పే. కానీ అక్కడ అది దుమ్ము పొర. 2013 ఫిబ్రవరిలో క్యూరియాసిటీ ఒక బురదరాయికి ఆరు సెంటీమీటర్ల పైచిలుకు లోతు రంధ్రం వేస్తే బయటికి వచ్చిన పొడి ఎర్రగా లేదు, బూడిద రంగులో ఉంది. ఆ పొడిలో ఇంచుమించు ఐదో వంతు బంకమన్ను ఖనిజాలు, మన రేగడిని ఉబ్బించి నెర్రెలు బారించే స్మెక్టైట్ కుటుంబానివి. ఇంగ్లిషు భూగోళ పుస్తకాల్లో నల్లమట్టికి రాసే రేగుర్ అన్న మాట మన రేగడే. బసాల్ట్ నీటిలో నాని కుళ్ళితే మన దగ్గర పుట్టినదీ, అక్కడ పుట్టినదీ ఒకే వంశపు మన్ను.

ఆ నీరు నిలవకపోవడానికి కారణం మళ్ళీ గ్రహం లోపలి వేడికే చేరుతుంది. దక్షిణపు పాత రాళ్ళలో బలమైన అయస్కాంత జాడలున్నాయి, తర్వాతి పెద్ద బిలాల్లో లేవు. అంటే గ్రహానికి ఒకప్పుడున్న అయస్కాంత రక్షణ సుమారు 400 కోట్ల ఏళ్ళ కిందటే ఆగిపోయింది. సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహం వాయువులను కొంచెం కొంచెంగా ఎగరగొట్టింది. 2014లో అక్కడికి చేరిన మావెన్ నౌక ఆ నష్టాన్ని కొలిచింది. ఇప్పుడు అక్కడి గాలి ఒత్తిడి మనదానిలో నూరో వంతు కూడా లేదు. ఇంత పల్చని గాలిలో నీరు పోస్తే కొంత మరుగుతుంది, కొంత గడ్డకడుతుంది, వాగై పారదు.

పోంటూర్ ఫోటోను ఫోన్‌లో పెద్దది చేసి మా పెద్దబాపుకు చూపించాను. ఆయన చాలాసేపు మూలలే చూశాడు. "ఇది ఒక్కపారి ఎండిన బురద గాదు," అని, "ఎన్నేండ్ల కిందటి తడి ఇది?" అని అడిగాడు.

అన్నిటికంటే చిక్కుముడి ఆ ప్రశ్నే. అంగారకుడి నేల వయసును ఎక్కువగా బిలాలు లెక్కపెట్టి చెబుతారు. పాత నేల మీద ఎక్కువ దెబ్బలుంటాయి, కొత్తదాని మీద తక్కువ. ఎన్ని దెబ్బలకు ఎన్నేళ్ళు అన్న లెక్క చంద్రుడి నుంచి అపోలో యాత్రికులు తెచ్చిన రాళ్ళ వయసు నుంచి తీసుకుని, అంగారకుడికి సర్దినది. అందుకే 350 కోట్లు, 370 కోట్లు అని మనం రాసే అంకెల్లో వెసులుబాటు ఉంది. క్యూరియాసిటీ తానే ఒక బురదరాయి వయసు కొలిస్తే 421 కోట్ల ఏళ్ళు వచ్చింది, అటూ ఇటూ 35 కోట్లు. అయినా అది ఆ చెరువు వయసు కాదు; చెరువులోకి కొట్టుకొచ్చిన రాతి రేణువులు పుట్టిన కాలం. ప్రాణహిత ఇసుకలోని బసాల్ట్ ముక్కకు 6.6 కోట్ల ఏళ్ళు అంటే నదికి అంత వయసని కాదు కదా.

మన దగ్గరికి అంగారకుడి రాళ్ళు రాలేదని కాదు. 1865 ఆగస్టు 25న బిహార్‌లోని షేర్‌ఘాటీలో పడిన ఉల్క అక్కడిదే. అంటార్కిటికాలో దొరికిన అదే జాతి ఉల్కలో చిక్కుకున్న వాయువులు, 1976లో వైకింగ్ నౌకలు కొలిచిన అంగారకుడి గాలితో సరిపోయాయి. ఆ జాతి ఉల్కలను ఇప్పటికీ షెర్గొటైట్లని పిలుస్తారు. కానీ ఉల్క ఏ గుట్ట నుంచి, ఏ పొర నుంచి ఎగిరి వచ్చిందో కచ్చితంగా తెలియదు కాబట్టి దాని వయసు తెలిసినా ఆ నేల వయసు తెలియదు. చోటు తెలిసిన రాళ్ళు కావాలి. పర్సెవరెన్స్ జెజెరోలో అలాంటివి గొట్టాల్లో నింపింది, 2023 జనవరి నాటికి పది గొట్టాలను నేల మీద ఒకచోట పేర్చి పెట్టింది. ఆ బిలం అడుగున అనుకోకుండా దొరికిన లావా జాతి రాళ్ళు కూడా వాటిలో ఉన్నాయి. బురదరాయికి సొంత వయసు కట్టడం కష్టం. కరిగి చల్లారిన రాయికి కట్టవచ్చు. అది మన ప్రయోగశాలకు చేరిన రోజున జెజెరో అడుగు మీద బిలాల లెక్కను దాని వయసుతో సరిచూసి, గ్రహమంతటికీ వాడే ఆ కాలపట్టికను చంద్రుడి ఆసరా లేకుండా దిద్దుకోవచ్చు.